బాలింతకు గడి లేని నోటుబుక్కు

మా కోడలి మొదటి పురుడు మా ఇంట్లోనే పోశాం. ఆనవాయితీ ప్రకారం అది పుట్టింటివాళ్ళ వంతు. కానీ ఆ అమ్మాయికి తల్లి లేదు. రాజమండ్రిలో తండ్రి ఒక్కడే ఉంటాడు. "ఆయనకేం తెలుస్తాది పాపం, మనమే పోద్దాంలే" అంది నా భార్య. కోడలు ఉద్యోగానికని చెన్నై వచ్చి మా అబ్బాయిని ఇష్టపడి చేసుకుంది. మేము తాతముత్తాతల నాటి నుంచి ఈ ఊరివాళ్ళం. మా తెలుగు విని మొదట్లో ఆమెకు నవ్వొచ్చేది, పెద్దవాళ్ళమని ఆపుకొనేది. ఆమె ప్రతి మాటకూ 'అండి' తగిలిస్తే మాకూ నవ్వొచ్చేది. మేము ఆపుకొనేవాళ్ళం కాదు.

నేను అంబత్తూరు ఎస్టేటులో ఇంజన్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ళు తనిఖీ విభాగంలో పనిచేశాను. పదిహేనో ఏట మొదలుపెట్టిన డైరీ ఇంతవరకూ ఒక్కరోజు మానలేదు. జ్వరం వచ్చిన రోజున 'జ్వరం' అని రాశాను. ఏం జరిగినా రాసిపెట్టేవాణ్ణని మా వాళ్ళల్లో నాకు పేరు. రెండేళ్ళ కిందట మా ఇంట్లో జరిగిన ఈ సంగతి మాత్రం ఆ డైరీల్లో సరిగ్గా లేదు. అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

మనవరాలు పుట్టిన రోజున ఆసుపత్రి వరండాలో నిలబడి టైమూ బరువూ రాసుకున్నాను. వెంటనే ఫోను తీసి 'ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం' అని బంధువులందరికీ పంపాను. కోడలికి కూడా వెళ్ళింది, మా కుటుంబం గ్రూపులో ఆమె కూడా ఉంది కదా.

పదకొండో రోజు పురుడు వెళ్ళేదాకా మా ఇళ్ళల్లో మామ బాలింత గదిలోకి పోడు. మా అబ్బాయి తిరిగాడు గాని నేను ఆ కట్టుబాటు పాటించాను. గది బయట కుర్చీ వేసుకుని ఒక పొడుగు నోటుబుక్కులో గళ్ళు గీశాను. పాలు, మూత్రం, దొడ్డికి, నిద్ర, బరువు. లోపలి నుంచి నా భార్య కేకేసి చెప్పేది, నేను రాసేవాణ్ణి.

"ఇదో, పాలయింది, రాసుకోండి!"

"ఎన్ని నిమిషాలు?"

"నేనేమన్నా గడియారం కట్టుకోనుండానా? పది అని ఏసుకోండి."

"పది అని ఊరికే వేసుకోకూడదే."

"అయితే మీరే వచ్చి ఇయ్యండి పాలు."

పురుడు వెళ్ళాక నోటుబుక్కు కోడలి చేతికిచ్చాను. రాత్రిపూట నువ్వే రాయమ్మా అన్నాను. "అలాగేనండి మావయ్య గారూ" అంది. పొద్దున్నే నేను తీసుకుని మొత్తాలు వేసేవాణ్ణి. ఎంత శుభ్రంగా రాసేదో! ఒక్క కొట్టివేత లేదు. మా ఫ్యాక్టరీలో ఇట్లా రాసేవాళ్ళు ఇద్దరే ఉండేవాళ్ళు అని మెచ్చుకున్నాను. ఆమె నవ్వింది. ఏడవని బాలింత, ఎదురు చెప్పని బాలింత, పిలవకముందే లేచి కూర్చునే బాలింత. మా అదృష్టం అనుకున్నాం.

పాపకు ఏడో వారం నడుస్తుండగా ఒక ఉదయం కాఫీ తాగుతూ నోటుబుక్కు చూస్తున్నాను. బరువు గడి పక్కన, నేను గీయని ఇంకో గడి ఉంది. పెన్సిలుతో సన్నగా గీసింది. దానికి పేరు లేదు. లోపలంతా చిన్న చిన్న గీతలు, ఒక్కో గీత పక్కన టైము. పదకొండు. పదకొండూ పది. పదకొండూ ఇరవై. అట్లా పొద్దున ఐదున్నర వరకూ.

కోడలు హాల్లోనే పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఈ గీతలేందమ్మా?"

"ఊపిరండి."

"ఊపిరా?"

"పాప ఊపిరి తీస్తోందా లేదా అని చూసి పెట్టేనండి. ముక్కు దగ్గర వేలు పెడితే తెలుస్తుంది కదండీ."

వెనక పేజీలు తిప్పాను. ముందురోజు కూడా ఉన్నాయి. అంతకు ముందు రోజు కూడా. ఇరవై మూడు రాత్రులు. ఆ ఇరవై మూడు ఉదయాలూ ఆ పేజీలు నా చేతుల్లోనే ఉన్నాయి. నేను గీసిన గళ్ళు కూడుకుని, గీయనిదాన్ని చూడకుండా వదిలేశాను. ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన కుర్రవాళ్ళను ఈ తప్పుకే తిట్టేవాణ్ణి. ఫారంలో ఉన్నది మాత్రమే కొలిచి, కళ్ళెదుట ఉన్న పగులును చూడకుండా సంతకం పెట్టేవాళ్ళను.

పది నిమిషాలకొకసారి చూసే మనిషి నిద్రపోలేదని తెలుసుకోవడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు.

నా భార్యను పిలిచి పాపను తీసుకోమన్నాను. కోడలి ఎదురుగా కుర్చీ లాక్కున్నాను. మామగారితో మాట్లాడే మాటలు కావు అవి, ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా అడిగాను. ఏం భయమమ్మా నీకు?

గోడ వైపు ముఖం తిప్పుకుంది. తర్వాత చెప్పింది. నొప్పులు పడి పడి చివరికి ఉన్నట్టుండి ఆపరేషనన్నారట. నడుము కింద మొద్దుబారింది గాని మెలకువగానే ఉంది. కత్తెర్ల చప్పుడు వినిపించిందట, డాక్టర్ల మాటలు వినిపించాయట, బిడ్డ ఏడుపు మాత్రం వినిపించలేదట. ఎవరో పరిగెత్తారు. ఎవరూ ఏమీ చెప్పలేదు. బిడ్డను మరుసటి రోజు చూపించారు.

"బయటికొచ్చేక మీ మెసేజీ చూసేనండి. తల్లీబిడ్డా క్షేమం అని ఉంది. అందరూ దండాలు, పువ్వులు పెట్టేరు. అందరికీ క్షేమమైతే తేడా నాలోనే ఉందనుకున్నానండి. ఇంకెవరికి చెప్పనండీ?"

ఆ తర్వాత అంది, చాలా మెల్లగా: "నేను లేకపోతేనే పాప బాగుంటుందేమో అనిపిస్తోందండి."

ఈ మాటను దాటేసి 'అట్లా అనకూడదు తల్లీ' అంటే సరిపోయేది. మా ఇళ్ళల్లో అందరం చేసేది అదే. నేను దాటలేదు. చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా, అని తిన్నగా అడిగాను. వంటింటి గుమ్మంలో నా భార్య పాపను గుండెకు అదుముకుని నిలబడిపోయింది.

"రెండుసార్లు అనిపించిందండి."

"చెప్పి మంచిపని చేసినావు. ఈరోజే డాక్టరు దగ్గరికి పోదాం. అప్పటిదాకా నీ పక్కన ఎవరో ఒకరం ఉంటాం."

మా అబ్బాయికి ఫోను చేశాను. "నాన్నా, ఇదంతా కొంచం నార్మలే. ఆఫీసులో కూడా అంటా ఉంటారు, రెండు నెలల్లో సరి అయిపోతుందని" అన్నాడు. "రెండు నెలలు ఆగే సంగతి కాదురా. అరగంటలో బయలుదేరు" అన్నాను. వాడి జీవితంలో నేను గొంతు పెంచిన సందర్భాలు తక్కువ. వచ్చాడు.

వాడికంటే ముందు మా వదిన దిగింది. నా భార్యకు అక్క, సౌకార్‌పేటలో ఉంటుంది. ఆటో దిగుతూనే సంచిలో నుంచి తాయెత్తు తీసింది. ఏడుస్తూ ఫోను చేసింది నా భార్యే.

"ఏం మరిదీ, బాలింతని పిచ్చి డాక్టరు దగ్గరికి తీసకపోతారంట? గాలి సోకుంటాది, అంతే. నలుగుర్ని కన్నా నేను. పొద్దన కని సాయంత్రం పిండి రుబ్బినా. నాకేమన్నా డాక్టరు ఉండిండాడా?"

"ఉండింటే బాగుండేది వదినా."

"సుమ్మా ఉండు, ఊరికే మాట్లాడకు! రేపు పిల్ల పెద్దదయితే, తల్లికి పిచ్చి అని ఎవరన్నా అంటే?"

"తల్లి లేదు అని అనడం కంటే మేలే కదా" అన్నాను.

నా భార్య ఏడుపు ఆపింది. "నువ్వు తాయెత్తు కట్టు వదినా, నేను వద్దనను. పదకొండు గంటలకు మాత్రం మేము బయలుదేరతాం" అన్నాను. వదిన కట్టింది. కోడలు చెయ్యి చాపింది.

డాక్టరమ్మ తమిళంలో మాట్లాడింది, కోడలికి అర్థమయ్యేలా మెల్లగా, ఆగి ఆగి. మమ్మల్ని బయట కూర్చోబెట్టి కోడలితో ఒంటరిగా ముప్పావుగంట గడిపింది. తర్వాత మా అబ్బాయిని, ఆ తర్వాత మమ్మల్ని పిలిచింది. కాన్పు తర్వాత చాలామంది తల్లులకు వచ్చే జబ్బే ఇది అంది. దానికి తోడు ఆపరేషన్ గదిలో పడ్డ భయం మనసులో అట్లాగే ఉండిపోయింది అంది. పాలిచ్చే తల్లికి సరిపడే మాత్రలే రాస్తున్నాను, మీ అంతట మీరు ఆపొద్దు అంది. వారానికోసారి మాట్లాడటానికి రమ్మంది. ఒంటరిగా వదలొద్దు, రాత్రి ఐదు గంటలు ఏకబిగిన నిద్రపోవాలి, పాపను వేరేవాళ్ళు చూసుకోవాలి అంది.

"ఆ నోటుబుక్కు ఎవరిది?" అని అడిగింది.

"నాది."

"దాన్ని ఇంట్లో ఉంచకండి సార్."

కాగితం పారేసిన అలవాటు నాకు లేదు. ఆ సాయంత్రమే పాత పేపర్లవాడికి వేశాను.

వంతులు వేసుకున్నాం. పది నుంచి పన్నెండున్నర దాకా నేను, ఆ తర్వాత మూడు దాకా మా అబ్బాయి. కోడలు వేరే గదిలో తలుపు వేసుకుని పడుకోవాలి. సీసాపాలు పట్టాల్సి వచ్చింది. వదిన పదిరోజులు ఫోనులో సాధించింది. అరవై ఎనిమిదేళ్ళ వయసులో నేను సీసా కడగడం, పాపను భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించడం నేర్చుకున్నాను. మా అబ్బాయి పుట్టినప్పుడు ఇవేవీ చేయలేదా అని నా భార్యను అడిగాను.

"మీరా? షిఫ్టుకి పోతిరి, వస్తిరి, డైరీ రాసుకుంటిరి. నాకు మూడు నెలలు గుండెలో రాయి పెట్టినట్టే ఉండె. నీళ్ళ బాయి దగ్గరికి పోయేదానికే భయం. ఎవరికి చెప్పేది?"

ఆ సంవత్సరపు డైరీ తీసి చూశాను. పిల్లవాడి బరువు ఉంది. ఓవర్‌టైము ఉంది. ఆమె ఒక్క పేజీలో కూడా లేదు. క్షమాపణ చెబితే, "ఇప్పుడెందుకు, పోయి సీసా కడగండి" అంది. ఆ రోజు నుంచి డాక్టరు సంగతిలో నాకంటే ఆమే పట్టుగా నిలబడింది.

ఒకసారి దెబ్బతిన్నాం. ఐదు వారాలకు నిద్ర కుదిరింది, ముఖం తేటపడింది. బాగయిపోయిందనుకుని కోడలే మాత్రలు ఆపేసింది, మాకు చెప్పలేదు. పదిరోజులకు మళ్ళీ వేలు పాప ముక్కు దగ్గరికి పోవడం నా భార్య చూసింది. ఎవరమూ కోప్పడలేదు. మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి పోయి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం.

ఆ పర్యాయం డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. ఆ గదిలో ఏం జరిగిందో తెలియకపోతే ఈమె మనసు రోజూ కొత్తగా ఊహించుకుంటూనే ఉంటుంది అని. కోడలు వెళ్ళి అడుగుతానంది. నేను తోడు వెళ్ళాను. కాన్పు చేసిన డాక్టరు ఖాళీగా లేదన్నారు. కూర్చుంటామన్నాను. రేపు రమ్మన్నారు. రేపూ కూర్చున్నాం. మూడో రోజు మధ్యాహ్నం ఆమె వచ్చి ఫైలు తెరిచింది. పుట్టగానే పాప సరిగ్గా ఊపిరి అందుకోలేదని, గొంతు శుభ్రం చేసి గాలి అందించామని, రెండు నిమిషాల లోపే ఏడ్చిందని, ఆ తర్వాత ఏ ఇబ్బందీ లేకపోయినా ఒక రాత్రి తమ దగ్గరే ఉంచి చూసుకున్నామని చెప్పింది.

"ఏడ్చిందాండీ?" అంది కోడలు.

"గట్టిగా ఏడ్చింది. పక్క గదిలో ఉన్నాం, అందుకే నీకు వినిపించలేదు. నీకు చెప్పాల్సింది. మేమే మర్చిపోయాం."

కోడలు అక్కడే కూర్చుని ఏడ్చింది. నేను పక్కనే ఉన్నాను. తొందరపెట్టలేదు.

ఒక్కరోజుతో ఏదీ పోలేదు. మాత్రలు ఇంకా ఏడాదికి పైగా, డాక్టరమ్మ చెప్పినంత కాలం, నడిచాయి. కోడలు మళ్ళీ ఉద్యోగంలో చేరడానికి ముందు ఒక శనివారం సంగతి చెబుతాను. ఆఫీసుకు కట్టుకోవడానికి బట్టలు కావాలని పురసవాక్కం బజారుకు పోతానంది. ఒక్కదాన్నే పోతానంది. పాపను మా దగ్గర వదిలి వెళ్ళడం అదే మొదలు. వెళ్ళింది. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. పాప ఏడ్చింది. నా భార్య ఫోను తీసింది, నేను తీసుకుని పక్కన పెట్టాను.

"ఏమయినా అయిందేమో, ఒక్కసారి చేద్దాం."

"చేయొద్దు. తిరగనీ."

అన్నాను గాని నాకూ లోపల నెమ్మదిగా లేదు. పాపను ఎత్తుకుని తిప్పుతూ కిటికీలో బస్సులు చూపించాను. మూడు గంటలు దాటాక కింద ఆటో ఆగింది. రెండు సంచులతో మెట్లెక్కి వచ్చింది, చెమటతో జుట్టు నుదుటికి అంటుకుని ఉంది. మధ్యలో ఒక్కసారి కూడా ఫోను చేయలేదు. పాప చేతులు చాపితే ఎత్తుకుని బుగ్గ మీద ముద్దు పెట్టింది, మళ్ళీ నా చేతికే ఇచ్చేసింది.

"అత్తయ్య గారూ, ఆకలి దంచేస్తోందండి. ముందు నాకు అన్నం పెట్టేయండి" అంటూ కాళ్ళు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది.