ఎరుపూ ఆకుపచ్చా లేని చార్టు

తొంభైల చివర్లో ఆటోనగర్‌లోని ఒక ఫౌండ్రీలో నాకు ఉద్యోగం వచ్చింది. ఇనుము కరిగించి, ఇసుక అచ్చుల్లో పోసి, పంపులకీ మోటార్లకీ కావలసిన భాగాలు తయారుచేసే చోటది. ఇనుము గురించి నాకేమీ తెలియదు. చేతిలో కంప్యూటరు డిప్లొమా ఒకటి ఉంది, అంతే. ఉక్కునగరంలో మా అక్కావాళ్ళ క్వార్టర్‌లో ఉండేదాన్ని. పొద్దున్నే షిఫ్టుకి బయలుదేరే మా బావగారితో పాటే ఇంత ఉప్మా తిని బస్సెక్కేదాన్ని.

నన్ను ముఖ్యంగా పెట్టుకున్నది ఒక పనికి. రోజూ తొమ్మిదింటికి మేనేజరుగారి గదిలో మీటింగు జరిగేది. ఎన్ని భాగాలు పోయాలనుకున్నాం, ఎన్ని పోశాం, వాటిలో ఎన్ని పాడయ్యాయి అన్నది ఒక చార్టులో చూపించాలి. అప్పటిదాకా దాన్ని చేత్తో గీసేవాడు మా డ్రాఫ్ట్స్‌మన్. యాభై దాటిన మనిషి. భీమిలిలో చేపలు పట్టుకునే కుటుంబంలో పుట్టి, ఐటీఐ చదువుకుని, పడవ వదిలి డ్రాయింగు బల్ల దగ్గరికి వచ్చినవాడు. నేను ఆయన్ని బాబాయ్ అని పిలిచేదాన్ని. నేను చేరగానే ఆయన చార్టు పని నాకొచ్చింది. ఆయనకి అచ్చుల డ్రాయింగులు మాత్రం మిగిలాయి. ఆ మాట ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు గుచ్చుకునేది.

మొదట్లో రోజూ చార్టును మొదటి నుంచీ తయారుచేసేదాన్ని. అంకెలు కొట్టడానికి పది నిమిషాలు పడితే, రంగులు మార్చడానికీ అక్షరాలు సరిచేయడానికీ ముప్పావుగంట. ఒకరోజు మెనూల్లో వెతుకుతుంటే దారి దొరికింది. ఒకసారి నచ్చినట్టు తీర్చిదిద్దుకున్న చార్టుకి ఓ పేరు పెట్టి దాచుకోవచ్చు. మర్నాడు కొత్త అంకెల మీద ఆ పేరు నొక్కితే అవే రంగులు, అవే అక్షరాలు వచ్చి కూర్చుంటాయి. ఆ రోజు నా సంతోషం ఇంతా అంతా కాదు. అనుకున్నదానికి ఆకుపచ్చ గీత, పోసినదానికి ఎర్ర గీత, పాడైనవాటికి అడుగున అంకెలు, వెనక బూడిదరంగు, పైన వంకులు తిరిగిన అక్షరాలు పెట్టి దాచేశాను.

మర్నాడు ఆ చార్టును రంగుల ప్రింటర్లో తీసి మీటింగులో మేనేజరుగారి ముందు పెట్టాను. ఆయన కాగితం వైపు చాలాసేపు చూశారు.

"ఇందులో అనుకున్నదేది? పోసిందేది?"

"ఆకుపచ్చది అనుకున్నది సార్. ఎర్రది పోసింది."

ఆయన మళ్ళీ కాగితం చూశారు. చెవులు ఎర్రబడ్డాయి. "గీతలు గీసేస్తే చాలదమ్మా. చదవడానికి రావాలి," అని కాగితాన్ని బల్ల మీద బోర్లించారు. "రేపట్నుంచి మళ్ళీ చేత్తోనే గీయించండి," అని పక్కనున్నాయనతో అన్నారు.

నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. బాత్‌రూములో కొళాయి తిప్పి ఏడ్చాను. ఏడుపు తగ్గాక అనుమానం మొదలైంది. పని పోయిన బాబాయే మేనేజరుగారి చెవిలో ఏదో ఊది ఉంటాడనిపించింది. తిన్నగా ఆయన బల్ల దగ్గరికి వెళ్ళాను.

"బాబాయ్, నా గురించి సార్‌కి ఏమైనా చెప్పారా?"

ఆయన పెన్సిలు పక్కన పెట్టాడు. "నానేటి సెప్తానమ్మా? నీ మీద నాకేటి కోపం?" గొంతు తగ్గించి, "ఆ ఎరుపూ ఆకుపచ్చా తీసీ. అన్నీ సరిపోతాయి," అన్నాడు.

"ఎందుకు?"

"తీసీమన్నాను గదా తల్లీ. ఎందుకో అడక్కు."

నేను నమ్మలేదు. అందరికీ తెలిసిన రంగులు తీసెయ్యమంటున్నాడంటే నా చార్టు చెడగొట్టాలనే అనుకున్నాను. ఆ వారం ఆయన మళ్ళీ షీటు మీద చేత్తో గీసి పంపాడు. మేనేజరుగారు దాన్ని చూస్తూ గడగడా ప్రశ్నలు వేశారు. ఎవరూ ఏ గీత ఏదో చెప్పక్కర్లేకపోయింది. పంతం పట్టి, నా చార్టులో గీతలు లావు చేసి, అక్షరాలు పెద్దవి చేసి ఇంకోసారి తీసుకెళ్ళాను. రంగులు మాత్రం అవే. ఆయన చూడకుండానే పక్కకి జరిపేశారు.

ఆ ఆదివారం అక్కతో పూర్ణా మార్కెట్‌కి వెళ్ళాను. పండుమిరపకాయల పచ్చడి పెట్టే రోజులు. ఒక గోనె మీద ఎర్రటి పళ్ళూ, ఇంకా రంగు తిరగని కాయలూ కలిపి పోసి ఉన్నాయి. వాటి ముందు గొంతుక్కూర్చుని ఒకాయన పళ్ళెంలోకి ఏరుకుంటున్నారు. మా మేనేజరుగారే. పళ్ళెంలో సగం పచ్చికాయలు.

అమ్మే ఆవిడ ఫక్కున నవ్వింది. "ఏటి బాబూ! పండుమిరపకాయలు కావాలనీసి పచ్చివి ఏరతన్నారు?"

ఆయన చెయ్యి ఆగిపోయింది. "నువ్వే ఏరి పెట్టమ్మా," అన్నారు మెల్లగా. ఆ గొంతు ఆఫీసులో నేనెప్పుడూ వినలేదు. ఆవిడ ఏరుతున్నంతసేపూ ఆయన సంచీ నోరు పట్టుకుని పక్కకి చూస్తూ నిలబడ్డారు. నన్ను చూడకముందే అక్క చెయ్యి పట్టుకుని అల్లం కొట్ల వైపు తిరిగిపోయాను. మీటింగులో ఆ చెవులెందుకు ఎర్రబడ్డాయో అప్పుడు తెలిసింది.

సోమవారం పొద్దున్నే బాబాయ్ దగ్గరికి వెళ్ళి, "సార్‌కి ఆ రెండు రంగులూ ఒకలాగే కనబడతాయి కదూ?" అన్నాను.

ఆయన చుట్టూ చూశాడు. "నీకెవులు సెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు. చూశాను. మీకెలా తెలుసు?"

"మా తమ్ముడూ ఇంతేనమ్మా." స్టూలు నా వైపు జరిపాడు. "ఆడు హార్బర్లో బోటు మీద పని సేసేవోడు. హార్బరు మూతి కాడ ఓ పక్క ఎర్ర దీపం, ఓ పక్క ఆకుపచ్చ దీపం ఉంటాయి. ఆడికి రెండూ ఒకటే. ఓసారి ఏది ఏ పక్కదో తెలక అడ్డం తిప్పీసి రాళ్ళ మీదకి పోనిచ్చీబోయినాడు. ఆ తర్వాత సుక్కాని ఆడికివ్వలేదు. వల ఇచ్చినాం. ఎవులూ ఎగతాళి సెయ్యలేదు. సూపు ఆడు కొనుక్కున్నాడేటి?"

మేనేజరుగారు చిన్న ఇంజనీరుగా చేరిన రోజుల్లోనే బాబాయ్ ఆ సంగతి కనిపెట్టాడట. కొలిమి దగ్గర పాత మేస్త్రీలు కరిగిన ఇనుము రంగు చూసి, ఇక పోయొచ్చని చెప్పేస్తారు. ఆయన మాత్రం ఎప్పుడూ, "రంగు చెప్పొద్దు, డిగ్రీలు చెప్పండి," అనేవారు. వెనక మేస్త్రీలు నవ్వుకునేవాళ్ళు. బాబాయ్ నవ్వలేదు. తర్వాత చార్టు గీసే పని వచ్చినప్పుడు నీలమూ నారింజా తీసుకున్నాడు. ఒక గీత నిండుగా, ఇంకొకటి ముక్కలు ముక్కలుగా గీశాడు. పదిహేనేళ్ళు అలాగే గీశాడు.

"ఆయనకి తెలుసా, మీకు తెలుసని?"

"ఏమో. నాను అడగలేదు, ఆయన సెప్పలేదు. నువ్వూ ఎవులికీ సెప్పకు."

నేను అనుమానించిన సంగతి చెప్పి క్షమించమన్నాను. "పోనీలే, సిన్న గుంటవి," అని నవ్వేశాడు. తర్వాత నాతో పాటు వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. అదే మొదటిసారి ఆయన మౌసు పట్టుకోవడం. స్కేలు పట్టుకున్నట్టు నాలుగు వేళ్ళతోనూ అదిమి పట్టుకున్నాడు.

మొదట వెనకనున్న బూడిదరంగు తీయించాడు. "మబ్బు పట్టినట్టుంది, తెల్లగా ఒగ్గీ." కంప్యూటరులో ఉన్న నీలాలేవీ ఆయనకి నచ్చలేదు. రంగులు మనమే కలుపుకోవచ్చని చూపించాను. సీసాలోంచి రంగు చుక్కలు వేసినట్టే అంకెలు పెంచుతూ తగ్గిస్తూ, "ఇంకొంచెం ముదరనీ... ఆఁ, ఆపు!" అన్నాడు. నారింజ కుదిరేసరికి భోజనం బెల్లు కొట్టింది. నీలం గీత మీద గుండ్రటి చుక్కలు, నారింజ గీత మీద నలుచదరాలు. గీతల పేర్లు పక్కన పెట్టెలో కాకుండా గీత చివరే రాయించాడు. నాకిష్టమైన వంకుల అక్షరాలు చూసి, "ఇవేటి, పెళ్ళి కార్డా?" అన్నాడు. అన్ని కంప్యూటర్లలోనూ ఉండే సాదా అక్షరాలు పెట్టాను. దాచేటప్పుడు కంప్యూటరు పేరు అడిగితే నేనే 'భీమిలి' అని కొట్టాను. ఆయన చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

మర్నాడు మీటింగులో గోడవారన నిలబడ్డాను. మేనేజరుగారు కాగితం అందుకుని ఒక్క క్షణం చూశారు. "శనివారం పోసింది ఎందుకిలా పడిపోయింది?" అని నేరుగా కొలిమి మేస్త్రీని అడిగారు. ఆయన వేలు నారింజ గీత మీద సరిగ్గా ఆ రోజు దగ్గరే ఉంది.

ఆ చార్టునే మిగతా సెక్షన్లకీ ఇవ్వమన్నారు. ఫ్లాపీలో పట్టుకెళ్ళి, పోసిన ముక్కల్ని చెక్కే మెషిన్ షాపులో తెరిస్తే నీలం ఊదాగా మారిపోయింది, నారింజ ఇటుకరంగైపోయింది. మేం కలిపిన రంగులు మా ఫైల్లోనే ఉండిపోయాయి, చార్టుతో రాలేదు. రెండు రోజులు తల బద్దలుకొట్టుకుని, రంగులన్నిటితో సహా మొత్తం ఫైలునే ఖాళీ అచ్చుగా దాచి, అందులో అంకెలు కొట్టుకోమని అందరికీ ఇచ్చాను. "ఇసుక అచ్చు లాగే గదా," అన్నాడు బాబాయ్. "ఎన్నిసార్లు పోసినా అదే ముక్క."

నెల తర్వాత మేనేజరుగారు పిలిపించారు. గదిలో ఇంకెవరూ లేరు.

"ఈ రంగులు ఎవరు ఎంచారమ్మా?"

"బాబాయీ నేనూ కలిసి ఎంచాం సార్."

ఆయన నా మొహం వైపు చూశారు. నేను కిందికి చూశాను. "ఆ రోజు కాగితం బోర్లించాను," అన్నారు. "తప్పు నీది కాదు." ఆ వారమే నా ఉద్యోగం ఖాయమైంది.

మూడేళ్ళ తర్వాత బాబాయ్ రిటైరయ్యాడు. షెడ్డులో బల్లలు వేసి, శాలువా కప్పి, మైకు పెట్టారు. మేనేజరుగారు రాసుకొచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"నాకు ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలీదు," అన్నారు. "పుట్టినప్పటి నుంచీ అంతే. కొలిమి రంగు చెప్పలేనివాడు ఫౌండ్రీ ఏం నడుపుతాడని నవ్వుతారేమోనని ఎవరికీ చెప్పలేదు. ఈయనకీ చెప్పలేదు. ఈయన నన్ను అడగనూ లేదు. ఇన్నేళ్ళూ నాకు కనబడే రంగుల్లోనే గీశాడు. పోతూ పోతూ ఆ రంగులు ఆ అమ్మాయికి ఇచ్చి పోతున్నాడు."

బాబాయ్ శాలువా కొంగుతో మొహం దాచుకున్నాడు. "ఎందుకు బాబూ అందరిలోనూ..." అంటున్నాడు. మీటింగు అయ్యాక కొలిమి మేస్త్రీ మేనేజరుగారి దగ్గరికి వచ్చి, "డిగ్రీలు అడుగుతారనీసి ఎటకారమాడినోణ్ణి బాబూ, నాకేటి తెలుసు?" అన్నాడు. మేనేజరుగారు ఆయన భుజం తట్టి, "నాకు రంగు కనబడక డిగ్రీలు అడగబట్టే మనకి పాడైన ముక్కలు తగ్గాయయ్యా," అన్నారు. ఇద్దరూ నవ్వారు.

తర్వాత నేను పెళ్ళి చేసుకుని, పోర్టు దగ్గర ఓడల సరుకు చూసే ఒక ఆఫీసులో చేరాను. కొన్నాళ్ళకి కంప్యూటర్లలో కొత్త వెర్షను వచ్చింది. చార్టును టెంప్లేటుగా దాచుకోవడం సులువైంది గానీ, అందులో పాత ఫైలు తెరిస్తే గీతల లావు మారిపోయింది, అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కాయి. మళ్ళీ మొదటి నుంచీ కూర్చున్నాను. పక్క సీటులో కొత్తగా చేరిన అమ్మాయి చూసి, "టార్గెట్ గ్రీన్‌లో పెట్టొచ్చు కదా మేడమ్, అందరూ అలాగే పెడతారు," అంది.

"అందరికీ ఒకలా కనబడదమ్మా," అన్నాను. ఎవరి పేరూ చెప్పకుండా సంగతి చెప్పాను. ఆ అమ్మాయి కుర్చీ నా వైపు తిప్పింది. "మా అన్నయ్యకీ అంతే మేడమ్. రైల్వే మెడికల్‌లో తీసేశారు. రెండేళ్ళు ఇంట్లోంచి బయటికి రాలేదు," అంది.

కుర్చీ దగ్గరికి లాక్కోమన్నాను. ఆ మధ్యాహ్నం ఇద్దరం కలిసి నీలం వెతికాం.