ఎర్రిస్వామి సాబ్ విత్తనం కాయలు

ఈరోజు పక్క చేనులోకి బోరు బండి వచ్చింది. పొద్దున్నుంచి ఒకటే రొద. తెల్లటి రాతిపొడి గాలికి లేచి మా వసారాలోకి, తీగ మీది బట్టల మీదికి, చివరికి నా కాఫీ గ్లాసులోకి కూడా వచ్చి పడింది. మా ఆవిడ విసుక్కుంటూ తలుపులు వేసేసింది. నాకు మాత్రం ఆ ఎండు రాతి వాసన ముక్కుకు తగలగానే విడపనకల్లు దగ్గరి ఒక చేను, అందులో తలగుడ్డ చుట్టుకుని నిలబడ్డ సుబేదార్ ఎర్రిస్వామి గారు గుర్తుకొచ్చారు. మాది శింగనమల పక్క పల్లె. ఫౌజులో ఉన్నన్నాళ్ళూ ఎంతోమంది పెద్దలకు సెల్యూట్ కొట్టాను, అది ఉద్యోగం. రెండు చేతులెత్తి మొక్కాలనిపించింది మాత్రం ఈయన ఒక్కరికే.

జీతాలు పెంచి, పాత బకాయిలన్నీ ఒక్కసారిగా చేతికిచ్చిన కాలం అది, తొంభైల చివర్లో. మా యూనిట్ జమ్మూ వైపు ఉండేది. బ్యారకులో ఎవరి కాళ్ళూ నేల మీద నిలవలేదు. ఒకడు టేపు రికార్డర్ అంటాడు, ఒకడు బంగారు గొలుసు అంటాడు. నేనేమో ఎర్ర మోటార్ సైకిల్ కొని, సెలవులో శింగనమల బస్టాండు ముందు నాలుగు చుట్లు కొట్టాలని కలలు కంటున్నాను. జీతాల రోజు సాయంత్రం సుబేదార్ సాబ్ మా తెలుగువాళ్ళందరినీ పిలిచి, ఊరి నుంచి తెచ్చుకున్న శెనక్కాయలు కంబళి మీద కుమ్మరించేవారు. అది ఆయన అలవాటు. ఒలుచుకు తింటున్న నన్ను చూసి ఆరోజు అడిగారు.

"పంట ఇంటికి రాంగానే మీ నాయన మొదట ఏం చేస్తాడప్పా?"

"విత్తనం కాయలు తీసి పక్కన పెడతాడు, సాబ్."

"ఇంట్లో పస్తులుంటే?"

"అయినా వాటిని ముట్టడు."

"మరి ఈ దుడ్లు పంట గాదా? ఫౌజు మనల్ని ముసిలోళ్ళయ్యేదాకా ఉంచుకోదప్పా. పిల్లోళ్ళు ఇంకా బడికి పోతాండేటప్పుడే ఇంటికి పొమ్మంటాది. ఆ పొద్దు విత్తేదానికి నీ దగ్గర ఏముంటాది?"

విత్తనం కాయల జోలికి పోకూడదని మాకెవరూ నేర్పనక్కర్లేదు. ఆకలికి ఏడ్చినా మా అమ్మ ఆ మూట విప్పేది కాదు. కానీ జీతానికీ విత్తనం ఉంటుందని నాకెప్పుడు తట్టింది గనక! బకాయిలు మొత్తం ప్రావిడెంట్ ఫండులో వేశాను, నెలనెలా కోతా పెంచమన్నాను. మోటార్ సైకిల్ కల ఆ కంబళి మీదే తొక్కలతో పాటు ఉండిపోయింది.

తర్వాత కొన్నేళ్ళకు వాన వరుసగా మొహం చాటేసింది. శెనక్కాయ చెట్టు పైకి పచ్చగానే ఉన్నా కింద ఊడలు దిగలేదు, కాయ పట్టలేదు. నాయన అప్పటికే రెండు బోర్లు వేయించి, రెండింట్లోనూ రాతిపొడే చూశాడు. ఇప్పుడు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్ళు చూసే మనిషి వచ్చి, చేను మూలన కాయ నిలువుగా లేచిందని గుర్తుగా రాయి పాతిపోయాడట. ఈసారి గంగమ్మ తప్పదని నాయన ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేశాడు. నా ఫండు డబ్బంతా కావాలి. లేకపోతే చేను అమ్ముకోవాల్సి వస్తుందన్నాడు.

నేను ఫండు డబ్బు తీయడానికి అర్జీ రాసుకుని సుబేదార్ సాబ్ దగ్గరికి వెళ్ళాను. తిడతారనుకున్నాను. ఆయన తిట్టలేదు. "నీ దుడ్లు, మీ నాయన. ఆపేదానికి నేనెవర్ని?" అని సంతకం పెట్టి, కాగితం నా చేతికే ఇచ్చి, పంపే ముందు ఒక్కసారి నాయనను తమ ఊరికి తీసుకురమ్మన్నారు. ఆ నెలలోనే ఇద్దరికీ సెలవు దొరికింది. గుంతకల్లులో రైలు దిగి, అక్కడికి బస్సులో వచ్చిన నాయనను వెంటబెట్టుకుని వాళ్ళ ఊరు చేరాం. ఆయన భార్య జొన్నరొట్టె, శెనక్కాయ చట్నీ పెట్టింది. తిన్నాక ముగ్గురం చేనుకు నడిచాం.

చేనులో అక్కడక్కడా బండరాళ్ళు పరిచి ఉన్నాయి. సాబ్ మొదటి రాయి జరిపారు. కింద బోరు నోరు. చిన్న గులకరాయి ఏరి నాయన చేతికిచ్చి, లోపలికి వేయమన్నారు. రాయి గొట్టానికి కొట్టుకుంటూ టకటకమని దిగిపోయింది. తర్వాత ఏమీ లేదు. నీళ్ళలో పడిన చప్పుడు కోసం నాయన చెవి ఆనించి చాలాసేపు కూర్చున్నాడు. రెండో బోరు, మూడో బోరు. నాలుగోదాని దగ్గర గులకరాయి ఇవ్వబోతే నాయన చెయ్యి చాచలేదు.

"నా సర్వీసంతా ఈ బొక్కల్లోనే ఉండాది అన్నా," అన్నారు సాబ్. "మా యింటిదాని గొలుసు గూడా. ప్రతిసారీ కొబ్బరికాయ లేసింది."

ఎదురుగా వస్తుంటే వందమంది కాళ్ళు జోడించి నిలబడే మనిషి, ముక్కూమొహం తెలియని ఒక రైతు ముందు తన నష్టాన్నంతా రాయి ఎత్తి మరీ చూపించాడు. ఎవరి కోసం? వాళ్ళ మేనల్లుడినా నేను? పరువు కోసం మనం ఏవేవో కప్పిపెట్టుకుంటాం. ఆయన నా డబ్బు నిలవాలని తన పరువు పక్కన పెట్టారు. అంత గుండె నాకు ఇప్పటికీ లేదు.

తిరుగు బస్సులో ఊరు దగ్గర పడ్డాక నాయన, "గొర్రెపిల్లలు కొనుక్కుంటా. దానికి చాలినంత పంపు. మిగతాది తీయొద్దు," అన్నాడు. అంతే. సంతకం పడిన అర్జీ నేను చించేశాను. గొర్రెలు ఆ కరువును ఎలాగో దాటించాయి. చేను మిగిలింది. కొబ్బరికాయ మనిషి పాతిన రాయి ఈనాటికీ మూలన అలాగే ఉంది.

నేను ఫౌజు వదిలి ఇంటికి వచ్చేసరికి పిల్లలు సాబ్ చెప్పినట్టే ఇంకా బడికి పోతున్నారు. ఫండు డబ్బు వేసుకోవడానికి అనంతపురంలో ఒక బ్యాంకుకు వెళ్ళాను. తలుపు దగ్గర నీలం చొక్కా, భుజాన తుపాకీతో నిలబడి ఉన్నది ఎర్రిస్వామి సాబ్. బోర్ల అప్పు పింఛనుకు లొంగలేదట. నా కాళ్ళు వాటంతటవే జోడయ్యాయి, సెల్యూట్ కొట్టాను. వరసలో ఉన్నవాళ్ళు వింతగా చూశారు. ఆయన మాత్రం ఇసుమంతైనా తడబడకుండా బదులు సెల్యూట్ చేసి, నాయన గొర్రెల సంగతి అడిగారు. నేను కళ్ళు తుడుచుకుంటుంటే తలుపు తెరిచి పట్టుకున్నారు.

"ఈడ నిలబడి ఏడ్చొద్దప్పా. లోపలికి పో, విత్తనం ముందు తీసిపెట్టు."

ఆయన పోయి కొన్నేళ్ళయింది. పింఛను పడగానే బియ్యం కన్నా ముందు విత్తనం తీస్తాను, మా ఆవిడ ఎంత గొణిగినా సరే. ఇంకొకటి కూడా ఉంది. ఏ ఊళ్ళో ఏ బ్యాంకుకు వెళ్ళినా, తలుపు దగ్గర తుపాకీతో నిలబడింది ఎవరైనా సరే, నా చెయ్యి నుదుటి దాకా లేస్తుంది. ఆ సెల్యూట్ ఎవరికోనని వాళ్ళు వెనక్కి తిరిగి చూస్తారు.