నూకరాజు వేలిముద్ర

ఇరవై ఏళ్లకు పైగా మోస్తున్నాను దీన్ని. దించుకోవడానికి చోటు దొరకలేదు. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. మీరు నన్నెరగరు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల చివర్లో విశాఖపట్నంలో ఒక కంపెనీలో ఇంజనీరుగా ఉండేవాణ్ణి. ఊరి చుట్టూ, కొండల మీద, సముద్రం పక్కన మాకు చిన్న చిన్న వైర్‌లెస్ యంత్రాల గదులుండేవి. ఆ గదుల్లో కరెంటుందా, వేడెక్కిందా, తలుపు తెరిచారా అన్నది ఆఫీసులో కూర్చునే చూసుకోవడానికి ఒక కంట్రోలర్‌ డబ్బాను ఎంపిక చెయ్యమన్నారు. రెండు రకాలొచ్చాయి. మొదటిది గదిలో నాలుగు చోట్ల వేడి కొలుస్తుంది. రెండోది ఒక్క చోటే కొలుస్తుంది గానీ, వాడడం నాకు తొందరగా పట్టుబడింది, తెర చూడముచ్చటగా ఉంది. అగ్గిపెట్టెంత గదికి నాలుగు చోట్లెందుకని వాదించి రెండోదాన్నే గెలిపించాను. నా మాట నెగ్గిందని ఆ రోజు ఎంత పొంగిపోయానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ముందు సముద్రం పక్క గదిలో పెట్టి చూడమన్నారు. వేడి కొలిచే తీగ పొట్టిదై, కరెంటు పోతే ఆదుకునే వెనకాల బ్యాటరీల దాకా అందలేదు. ఇంకోటి తెప్పించాల్సింది. బద్ధకించి, అందినంత దూరంలో, ఏసీ గాలి నేరుగా తగిలేచోట బిగించేశాను.

ఆ గదికి కాపలా నూకరాజు. యాభై దాటినవాడు, కాంట్రాక్టు మీద పని, చదువు రాదు. ఉప్పుగాలికి యంత్రాలు పాడవుతాయని ఆ తలుపు ఎప్పుడూ మూసే ఉంచాలి. ఎండాకాలం రాగానే, మధ్యాహ్నమైతే చాలు, ఆఫీసు తెర మీద ఒకటే కబురు: గది చల్లగా ఉంది, తలుపు తెరిచి ఉంది. చల్లటి గదికి తలుపెందుకు తీస్తాడు? గాలికి పడుకుంటున్నాడని పైవాళ్లు తేల్చేశారు. వెళ్లి ఒప్పుకోలు రాయించుకు రమ్మని నన్నే పంపారు.

“తలుపు తీసింది నువ్వేనా?” అన్నాను.

“నానే బాబూ. మీ డబ్బా సల్లగుందంటాది గానీ, ఎనకాల బేట్రీల మీద సెయ్యెడితే కాలిపోతంది. తియ్యకపోతే ఏటైపోతాదోనని బయమేసి తీసినాను. ఓపాలి సెయ్యెట్టి సూడండి.”

బ్యాటరీలు రెండడుగుల దూరంలో ఉన్నాయి. నేను చెయ్యి పెట్టలేదు. ఎందుకు పెట్టలేదు? డబ్బా మీద నమ్మకమా? కాదు. ఆయన మాట నిజమైతే నా ఎంపిక తప్పవుతుంది, అదీ సంగతి. కాగితం తీసి ‘తలుపు నేనే తీశాను’ అని ఆయన తరఫున రాశాను. ఎందుకు తీశాడో రాయలేదు. తను చెప్పిందంతా రాశాననుకుని వేలిముద్ర వేశాడు. వారం తిరక్కుండా పని పోయింది.

నెల తర్వాత మళ్లీ ఆ గదికి వెళ్లాను. బ్యాటరీలు ఉబ్బిపోయి ఉన్నాయి. చెయ్యి పెట్టాను, చురుక్కుమంది. పొడుగు తీగ వేసి బ్యాటరీల దగ్గర కొలిస్తే తెర మీద అంకె అమాంతం పైకెక్కింది. నిజం అప్పుడే తెలిసిందని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. చెయ్యి పెట్టనప్పుడే తెలుసు.

ఆ రోజు నోరు విప్పితే ఆయన్ని వెనక్కి పిలిచేవారేమో. కానీ మిగతా గదులన్నిటికీ అదే డబ్బా ఖాయమైపోయింది, నా సంతకంతో. బ్యాటరీలు పాతబడ్డాయని రాసి కొత్తవి వేయించాను. ఆ తర్వాత ఎవరు ఆ గది పేరెత్తినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాణ్ణి.

కొన్నేళ్లకు కూర్మన్నపాలెం జంక్షన్‌లో బస్సు కోసం నిలబడి ఉంటే ఎవరో “బాబూ” అని పిలిచారు. నూకరాజే. బాగా చిక్కిపోయాడు, చొక్కా నిండా సిమెంటు. తిడతాడనుకున్నాను.

“ఆ గది ఇప్పుడైనా సల్లగుంటందా బాబూ?” అన్నాడు.

“ఉంటోంది.”

“పోన్లెండి, మంచిదే.”

నిజంగానే సంతోషించాడు. వచ్చిన బస్సు ఎక్కేశాను. అది నేను వెళ్లాల్సిన బస్సు కాదు.

ఆ మరుసటేడు ఆయన పోయాడని విన్నాను. క్షమించమని అడగడానికి మనిషే లేడు. ఉన్నప్పుడు అడిగానా? ఆయన వేలిముద్ర మాత్రం ఆ కాగితం మీద ఏ ఫైల్లోనో ఇంకా ఉండే ఉంటుంది. అందులో నేను రాయనిది ఇదీ: బ్యాటరీలు కాలిపోతున్నాయని, గదిని కాపాడడానికే నూకరాజు తలుపు తీశాడు.

రాశాను. నా గుండె కాస్త తేలికైంది. ఆయనకు ఒరిగిందేమీ లేదు.