సారు దాటిన ముగ్గుగీతలు

మా పక్కింటి సైన్సు సారు పోయారు. పొద్దున్నే పాలకోసం గేటు తీసేసరికి ఆయన భార్య అరుగు మీద కూర్చుని ఉంది. నేను ఆమెను పెద్దమ్మ అంటాను. "సారు లేస్తలేడు బిడ్డా" అంది. ఆ మాట ఇంకా నా చెవిలోనే ఉంది.

శామీర్‌పేట బడిలో నాకు సైన్సు చెప్పింది ఆయనే. నరాల పాఠం రోజు మమ్మల్ని రెండు వరుసల్లో ఎదురెదురుగా నిలబెట్టి, నడుమ బారెడు సందు ఉంచారు. "ఒక నాడీకణం ఇంకోదాన్ని అంటుకోదు. గీ సందులకెళ్లి రసాయనం పోవాలె, అవతల దాన్ని పట్టుకునే గ్రాహకం ఉండాలె" అంటూ ఎదుటి వరుసతో మా వైపు సుద్దముక్కలు విసిరించారు. అందుకున్నాక నన్ను గంతెయ్యమన్నారు, నా పక్కపిల్లను కూర్చోమన్నారు.

"ఇద్దరికీ గదే సుద్ద గద సార్?" అన్నాను.

"గదే. ఒకదాన్ని లేపుతది, ఒకదాన్ని కూసోబెడతది. పంపినదాంట్ల ఏం లేదు, అందుకునేదాంట్లనే ఉన్నది."

నా మాటకు ఇంట్లో ఎవరైనా ఉత్తపుణ్యానికి అలిగితే ఇప్పటికీ నాకు అదే గుర్తొస్తుంది.

కొన్నేళ్ల కింద సారుకు పార్కిన్సన్స్ వచ్చింది. దానికీ పాఠమే చెప్పారు. "డోపమైన్ అనే రసాయనం తయారుజేసే కణాలు తగ్గినయి బిడ్డా. అందుకునేటియి ఎదురుసూస్తనే ఉన్నయి. పంపేటియే కరువైనయి." ఆయన నవ్వుతూనే అన్నారు. నాకే ఏడుపు ఆగలేదు.

చెయ్యి వణికితే పట్టించుకునేవారు కాదు. కాళ్లే ఏడిపించాయి. గడప దగ్గరికి రాగానే పాదాలు నేలకు అతుక్కుపోయేవి. రోడ్డు మీది హోటల్లో చాయ్ అంటే ఆయనకు ప్రాణం. ఎవరైనా చెయ్యి పట్టుకోబోతే కసిరేవారు. "నా చాయ్‌కి నేను పోత. ఇడ్సిపెట్టుండ్రి!" ఆయన పంతమంతా అదొక్కటే.

ఒకరోజు మా వాకిట్లో అలాగే ఆగిపోయారు. ఎదురుగా అప్పుడే వేసిన నా ముగ్గు. ముగ్గు తొక్కొద్దని చిన్నప్పటినుంచీ తిట్లు తిన్న కాలు కదా, టక్కున లేచి దాటేసింది! "అగో! పాత తొవ్వ బందైతే కండ్లు ఇంకో తొవ్వ సూపెట్టినయి" అని పసిపిల్లాడిలా సంబరపడ్డారు.

మర్నాటినుంచి వాళ్ల గడప దగ్గర మొదలుపెట్టి గేటు దాకా అడుగుకో అడ్డగీత వేసేదాన్ని. "గిదేం ముగ్గు? మంది ఏమంటరు?" అని పెద్దమ్మ మొదట గొణిగింది. "మందిని గూడ దాటి సూడమను" అన్నారు సారు. ఒక్కరే చాయ్‌కి పోయొచ్చి, మా గేటు కొట్టి, "ఇయ్యాల గీతలు వంకర. మార్కులు కట్" అనేవారు.

ఆయన పోయిన పొద్దున ముందురోజు గీతలు ఇంకా చెరగలేదు. చావు జరిగిన ఇంటి ముందు ముగ్గు ఉండకూడదని, అలియాబాద్ నుంచి వచ్చిన సారువాళ్ల అన్న బకెట్‌తో నీళ్లు తెచ్చాడు. నేను నోరు తెరిచేలోపే పెద్దమ్మ లేచి అడ్డం నిలబడింది.

"ఉండనియ్ బావా. దినాం గీతలు దాటుకుంట పోయెటోడు. ఇయ్యాల గూడ గట్లనే పోనియ్."

ఆయన బకెట్ పక్కన పెట్టాడు. పాడె లేచింది. మోసేవాళ్లు తలలు వంచి, ఒక్క గీతా తొక్కకుండా, ప్రతిదాని దగ్గరా కాలెత్తి దాటుతూ, సారును గేటు దాకా తీసుకెళ్లారు.