అప్పలకొండ బాబాయి సుత్తి, కుర్చీ

ఖరగ్‌పూర్‌లోని మా పేట ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో అప్పలకొండ బాబాయి సుత్తిదెబ్బ తినని వస్తువు లేదు. దేన్నయినా ఒక దెబ్బ కొట్టి, చెవి ఒగ్గి, అదేం పలుకుతుందో వింటే గానీ ఆయన నమ్మడు.

ముప్ఫై నాలుగేళ్లు రైలు చక్రాలు కొట్టి చూసిన మనిషి. చక్రం ‘టంగ్’మంటే బండి కదులుతుంది. ‘డబ్’మంటే పగులుంది, పెట్టె మీద సుద్దతో ‘సిక్’ అని రాసి పక్క లైన్లోకి తోస్తారు. రిటైరైన రోజున ఆఫీసువాళ్లు ఐడీ కార్డు గుర్తుపెట్టుకుని తీసుకున్నారు. సుత్తీ సుద్దముక్కా తీసుకోవడం మరిచిపోయారు. ఆ మరుపు ఫలితం మేం అనుభవిస్తున్నాం.

మేనకోడలి సంబంధానికి ఊళ్లోనే ఉన్న పూరీ గేట్ పేటకి వెళ్లి, పెళ్లికొడుకు ఇంటి గోడ కొట్టి ‘సిక్’ అని రాసేశాడు.

“ఇదేటండీ, కొత్త గోడ!” అన్నాడు పెళ్లికొడుకు తండ్రి.

“కొత్తదే బావగారూ, అందుకే సెప్తన్నాను. అంతా ఇసకే. కుర్రోడు మాత్రం ఫిట్.”

“కుర్రోణ్ని కూడా కొట్టినారేటి?”

“వీపు మీద, సేత్తోనే లెండి.”

పెళ్లి నిలబడింది. గోడ ఆ వానాకాలమే పడింది.

నా సంగతీ చెప్పాలి. నా పిచ్చి అర్జీలు. నిరుడు మా వీధి బడి ముందు మురుగు కాలువ మీద మున్సిపాలిటీవాళ్లు సిమెంటు పలకలు పరిచారు. పిల్లలు నడిచే దారి అదే. నెల తిరక్కుండా పెచ్చులూడాయి. ఏం కలిపి పోశారు, ఎవరు చూసి పాస్ చేశారు అని ఎనిమిది నెలల్లో పదకొండు అర్జీలు పెట్టాను. ఒక్కదానికీ జవాబు లేదు. జనం సొమ్ముతో కట్టి, కట్టినవాడి పేరు బోర్డయినా పెట్టని ఆఫీసు నాకు ఉత్తరం రాస్తుందా!

ఈలోగా బాబాయి పలకలన్నీ కొట్టి చూశాడు. బడి గేటు ముందున్న పలక మీద ‘సిక్’ అని రాసి, సరిగ్గా అక్కడే తన వెడల్పాటి చెక్క కుర్చీ వేశాడు. బడి పెట్టేటప్పుడూ, విడిచేటప్పుడూ అక్కడే కొలువు.

“తాతా, అడ్డు లెగు!”

“లెగను. వీధిలోకి దిగి పొండి. దిగుతారా, సుత్తి తియ్యమంటారా?”

నేనూ అడిగాను. “బాబాయ్, ఇంటి ముందు అరుగుందిగా?”

“అక్కడ గాలాడదమ్మా.”

మురుగు కాలువ మీద గాలి! నాకు ఒళ్లు మండింది. పన్నెండో అర్జీ రాశాను: కాలిబాట ఆక్రమణ. ఆక్రమించినవారు అప్పలకొండ. ఆక్రమించిన వస్తువు కుర్చీ, ఒకటి.

మూడో రోజున ఇంజనీరు దిగాడు. వెంట కాంట్రాక్టరు, ఇద్దరు కూలీలు. పదకొండు కాగితాలకి కదలని ఆఫీసు ఒక ముసలాయన కుర్చీ కోసం పరిగెత్తుకొచ్చింది.

“కిరణ్మయి గారి కంప్లైంటు” అని పైకి చదివాడు ఇంజనీరు. బాబాయి నా వైపు చూశాడు. నేను నేల చూశాను. అప్పుడు కనబడింది. కుర్చీ కాళ్లు రెండు అటు పలక మీద, రెండు ఇటు పలక మీద ఉన్నాయి. ఆయన పాదాలూ అంతే. నడుమ ఉన్న ‘సిక్’ పలక మీద చీమ బరువైనా లేదు. ఇన్నాళ్లూ ఆయన పలక మీద కూర్చోలేదు. పలకకి కాపలా కూర్చున్నాడు.

“దాదూ, కుర్చీ తీసెయ్యండి” అన్నాడు ఇంజనీరు.

“ఠీక్ హై సార్. ముందు కాంట్రాక్టర్ బాబుని దీని మీద ఓపాలి నిలబడమనండి.”

కాంట్రాక్టరు పలక వైపు చూశాడు. “మోకాలు నొప్పి సార్.”

“నిలబడమన్నాను గానీ గెంతమన్లేదు గదా?”

“కొత్త చెప్పులు సార్.”

“ఇప్పేసి నిలబడు బాబూ, నేను సూస్తుంటాను” అన్నాడు బాబాయి, ఎంతో ప్రేమగా.

ఇంజనీరు తను నిలబడ్డ పలక మీంచి మెల్లగా వీధిలోకి దిగాడు.

బాబాయి కుర్చీ జరిపి, సుత్తితో గట్టిగా ఒక్కటిచ్చాడు. ‘డబ్’. సగం పలక కాలువలో పడింది. ఇనప ఊచ ఉండాల్సిన చోట వెదురుబద్ద నవ్వుతోంది.

పలకలన్నీ మళ్లీ పోశారు. పక్కన కాంట్రాక్టరు పేరుతో బోర్డూ పెట్టారు. బాబాయి అన్నీ కొట్టి చూసి, ‘ఫిట్’ అని రాశాడు. మర్నాడు చూద్దును కదా, మళ్లీ అక్కడే కుర్చీ! ఈసారి నాలుగు కాళ్లూ కొత్త పలక మీదే.

“ఇంకా ఎందుకు బాబాయ్?”

“ఫిట్ అని రాసినోడు ముందు ఎక్కాల. పిల్లలు తరవాత.”

“ఆ అర్జీ... నామీద కోపమొచ్చిందా?”

“కోపమేటే గుంటా? నీ పదకొండు కాయితాలూ డబ్. పన్నెండోది టంగ్! నువ్వూ ఓ కుర్సీ తెచ్చుకో.”

తెచ్చుకున్నాను. ఇప్పుడు దారికడ్డంగా ఇద్దరం కూర్చుంటున్నాం. మామీద ఎవరైనా త్వరగా ఓ అర్జీ పెట్టి ఆ ఇంజనీరుని రప్పిస్తే బాగుండును. పక్క వీధి పలకలు కూడా ‘డబ్’మంటున్నాయి.