వెనక్కి నడిచిన పాడె

ఇప్పుడంటే నోయిడాలో, గురుగ్రామ్‌లో నా హోటళ్ల బోర్డులు వెలుగుతున్నాయి, హోటళ్ల సంఘం మీటింగుల్లో నాకు ముందు వరసలో కుర్చీ వేస్తున్నారు గానీ, ఆ రోజుల్లో ఢిల్లీలో నా ఆస్తి మునిర్కా సందులో ఒక చిన్న తెలుగు మెస్సూ, బేరమాడే నోరూ, అంతే. ఆ నోరు మా నాన్నిచ్చింది. తెనాలి బజార్లో కిరాణా కొట్టు మాది. "బేరం కుదరకపోతే లేచి నడిచెయ్యరా" అనేవాడు నాన్న. "మొదటి పిలుపుకే తిరిగావంటే అవసరం నీదని తెలిసిపోతుంది. మూడో పిలుపుకి తిరుగు. అప్పటికి అవసరం వాడిదైపోతుంది." ఈ విద్య చూసి తెలుగు సంఘం వాళ్లు ఉగాది భోజనాల టెంట్లూ, వంటపాత్రలూ మాట్లాడే పని నాకే అప్పగించారు. వెంట వచ్చేవాళ్లకి నా షరతు ఒక్కటే: నేను నడిస్తే మీరూ నడవండి, వెనక్కి చూడొద్దు. ఒకసారి టెంట్ల కొట్లో అండర్ సెక్రటరీ గారు (పదవి అదే, అసలు పేరు అందరం మర్చిపోయాం) వెనక్కి చూసి బేరం చెడగొట్టారు. బస్సెక్కేదాకా ఆయన్ని సతాయించాను. ఆ తర్వాత ఆ మెడ మళ్లీ తిరగలేదు.

నాకు గరిటె పట్టడం నేర్పింది మా మేస్త్రి. గ్యాసు మీద ఉడికిస్తారు తప్ప వండరు అని ఆయన సిద్ధాంతం. పొగ గొడవతో ఢిల్లీలో కట్టెల పొయ్యిలు మాన్పించాక, సవతి ఇంట్లో భోంచేస్తున్న మొహంతో గ్యాస్ స్టవ్వు ముందు నిలబడేవాడు. ఆ వానాకాలం ఒక పొద్దున నా మెస్సులోనే, తాలింపు వేస్తూ వేస్తూ పడిపోయాడు. నేను ముందు స్టవ్వు ఆపి, తర్వాత ఆయన్ని పట్టుకున్నాను. (వంటవాళ్లెవరూ దీన్ని తప్పుపట్టరు. ఆయనైతే అసలే పట్టడు.) ఆస్పత్రికి చేరేసరికే అయిపోయింది.

ఆయన భార్యని నేను పిన్నీ అనేవాణ్ణి. పిల్లల్లేరు. ఏడవడం ఆపి ఒక్కటే అడిగింది. "ఇన్నేళ్లూ గ్యాసు ముందు నిలబెట్టి చంపారు ఆయన్ని. పోయాక కూడా ఆ గ్యాసు మిషన్లోనే పెడతారా బాబూ? కట్టెలు పెట్టించు. ఎండువి." అలాగే పిన్నీ అన్నాను. బేరాలవాణ్ణి కదా, ఎండుకట్టెలు ఒక లెక్కా!

పిన్నీ, నేనూ, బేరాలకి నా వెంట వచ్చే సంఘం వాళ్లూ పాడెతో సహా వ్యానులో బయల్దేరాం. మన వైపైతే శ్మశానానికి ముందే పాడె దింపి, చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు, లేస్తాడేమోనని. దింపుడు కళ్లం. "ఎక్కడా దింపరా?" అంది పిన్ని. బయట ఆరు వరసల ట్రాఫిక్కు. "ఇక్కడ ఆపనివ్వరమ్మా" అన్నారు అండర్ సెక్రటరీ గారు నెమ్మదిగా. పిన్ని కిటికీ వైపు తిరిగిపోయింది.

శ్మశానంలో కట్టెలవాడు మమ్మల్ని చూసి లేవను కూడా లేవలేదు. "సూఖీ ఖతమ్. గీలీ లేలో, నహీతో గ్యాస్." ఎండువి అయిపోయాయట, పచ్చివి తీసుకోవాలట, లేదంటే గ్యాసట. వాడి వెనకే నీలం పట్టా కింద నిక్షేపంలా ఎండుకట్టెలు.

"మరి అవి?"

"వీఐపీ కే లియే."

"ఆ వీఐపీ పోయాడా?"

"అభీ తో జిందా హై" అన్నాడు, ఇంకా బతికే ఉన్నాడని కొంచెం విచారంగా.

పచ్చికట్టె తట్టి చూశాను, పొగ తప్ప మంట రాదన్నాను, బతిమాలాను, కసిరాను. వాడు జరదా నలుపుకుంటూ కూర్చున్నాడు. అప్పుడు నా నోరు దానంతటది "ఠీక్ హై భయ్యా, రహ్‌నే దో", సరే వద్దులే అంది, నా కాళ్లు వాటంతటవి గేటు వైపు నడిచాయి. సగం దూరం వెళ్లాక గానీ గుర్తు రాలేదు, ఇక్కడ పక్క కొట్టంటూ ఉండదని.

వెనక బురదలో చప్పుడు. ఓరగా చూద్దును కదా, పాడె నా వెంటే వస్తోంది! కింద పెట్టడానికి పొడినేల లేక భుజాల మీదే ఉంచుకున్న నలుగురూ, నేను నడవగానే నడిచేశారు. ముందు అండర్ సెక్రటరీ గారు, మెడ ఇనపకడ్డీలా. వెనక పిన్ని. ఎదురుగా వాళ్ల శవంతో లోపలికొస్తున్నవాళ్లు గోడకి అతుక్కుపోయారు. ఒక ముసలమ్మ చేతులు జోడించి, "జిందా హో గయా క్యా?" అంది. బతికాడేమో అని పాపం ఆవిడ ఆశ.

కట్టెలవాడు గోచీ ఊడేలా పరిగెత్తుకొచ్చాడు. "అరే భయ్యా, రుకో!" నేను తిరగలేదు. "ముర్దా వాపస్ మత్ లే జావో!" శవం గేటు దాటి వెనక్కి పోతే వాడి గడపకి అరిష్టమట. అయినా తిరగలేదు. "ఆ జావో, సూఖీ లేలో!" మూడో పిలుపు. తిరిగాను.

"చూశారా, ఈసారి నా మెడ?" అన్నారు అండర్ సెక్రటరీ గారు చెవిలో.

పిన్నే నిప్పు పెట్టింది. చిటపటమని అంటుకున్నాయి, ఆయన మెచ్చే మంట. చాలాసేపు దాన్నే చూసి అంది: "దింపుడు కళ్లం లేకుండా పంపేస్తున్నామని కుమిలిపోయాను. పరాయివాడైనా మూడుసార్లు పిలిచాడు బాబూ. ఈయనే పలకలేదు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నేను అడగలేదు.

ఇప్పుడు రెండు సంఘాల్లోనూ ఎవరు పోయినా ముందు నాకే ఫోను. పోయినవాళ్లలో మొన్న అండర్ సెక్రటరీ గారు కూడా ఉన్నారు. నడిచెళ్లిపోయే మోకాళ్లు నాకు లేవు, కట్టెలవాళ్లు చెప్పిన ధరకే తల ఊపుతున్నాను. ఈమధ్య సంఘం కుర్రాళ్లకి చెప్పి పెట్టాను, నన్ను తెచ్చిన రోజున గేటు దాకా ఒక్కసారి వెనక్కి నడిపించమని.

"నిజంగా ఎవరైనా పిలిస్తే అంకుల్?" అన్నాడొకడు.

"మొదటి పిలుపుకే తిరక్కండ్రా" అన్నాను.