ఎడమచేతి అంచు

"ఇంకాస్త అసహ్యంగా చెయ్యగలవా?"

మూడో అంతస్తు ఆవిడ ఆ మాట ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగింది. ఆవిడ చేతిలో అట్టతో చేసిన లైట్‌హౌస్ ఉంది. మూరెడు ఎత్తు, చుట్టూ తిరిగే మెట్లు, పైన సీసా మూతతో దీపం. అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియదు. వచ్చిన చిక్కల్లా అదే. దాన్ని తన ఎనిమిదేళ్ళ కొడుకు చేశాడని ఆవిడ బడిలో చెప్పుకోవాలి.

చేసిన మనిషిని ఆ భవనంలో అందరూ అట్టలావిడ అంటారు. కింద, మెట్ల పక్కన ఒక్క గదిలో కాపురం. భర్త ప్రింటింగ్ ప్రెస్సులో కటింగు మిషను దగ్గర పనిచేస్తాడు. కొలతకి కోశాక మిగిలిన అట్టముక్కలు సాయంత్రం సంచిలో వేసుకొస్తాడు. కూతురికి ఏడేళ్ళు. ఎప్పుడు చూసినా ఏదో ఒకటి మోసుకుంటూ గోడవారగా తిరుగుతుందని దాన్ని చీమ అంటారు.

పొదుపు ఒక కళ అని రాసేవాళ్ళున్నారు. వాళ్ళెవరూ టూత్‌పేస్టు ట్యూబుని నిలువునా కోసి లోపల గీకి ఉండరు. ఆ గదిలో అది మామూలు పని. అరిగిపోయిన సబ్బుముక్కలు పాత మేజోడులో పోగవుతాయి. మేజోడు నిండాక తడిపి, నొక్కి, ఆరబెడితే అదే కొత్త సబ్బు. వేళ్ళకి అందని పెన్సిలుకి పాత పెన్ను గొట్టం తొడిగితే ఇంకో నెల వస్తుంది. చీమ గౌను అంచు మడత మూడుసార్లు విప్పారు. మూడు గీతలూ కనిపిస్తాయి. ఏ గీత ఏ క్లాసుదో చీమ చెప్పగలదు.

ఆటబొమ్మలూ ఇంట్లో పుట్టినవే. అగ్గిపెట్టెలతో బీరువా, సీసా మూతల చక్రాలతో లారీ, తండ్రి చిరిగిన చొక్కాతో కుట్టిన పిల్లబొమ్మ. చేత్తో చేసిన బొమ్మలో తల్లి ప్రేమ ఉంటుందంటారు. ఉంటే ఉండొచ్చు. ఒకసారి చీమ బొమ్మల షాపు అద్దం ముందు చాలాసేపు నిలబడి, లోపలి బొమ్మని పైనుంచి కిందదాకా చూసి, "అమ్మా, దీనికి కుట్లు లేవే," అంది. కావాలని అడగలేదు. అడిగి ఉంటే రెక్క పుచ్చుకుని లాక్కుపోయేది. అడగని పిల్లని ఏం చెయ్యాలో అట్టలావిడకి తోచలేదు.

వాళ్ళ సంసారంలో ఒక్కటే దుబారా ఉంది. చీమని తాహతుకు మించిన బడిలో వేశారు. "చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత. కానీ, చేసుకుందాం," అన్నాడు తండ్రి మొదటి ఫీజు కట్టి వచ్చిన రోజున. రెండేళ్ళు ఎలాగో లాగారు. మూడో ఏడు ప్రెస్సులోకి కొత్త మిషను వచ్చింది. అదే లెక్కపెట్టుకుంటుంది, అదే కోసుకుంటుంది, టీ తాగదు. ఆయనకి వారంలో మూడు రోజులు పని మిగిలింది. రెండో టర్ము ఫీజు సగం దగ్గర ఆగిపోయింది. ఆ సగం సంగతి తేలకపోయినా, వచ్చే ఏటికి డబ్బు కనిపించకపోయినా పిల్లని తీసుకుపొమ్మని బడి ఆఫీసులో మర్యాదగానే చెప్పారు.

దారి చూపించింది కూడా ఆ బడే. ఏటా అక్కడ చేతిపనుల ప్రదర్శన పెడతారు. పనికిరాని వస్తువులతోనే చెయ్యాలి, పిల్లలే చెయ్యాలి, పెద్దల చెయ్యి పడకూడదు. మొదటి బహుమతి వచ్చిన పిల్లకో పిల్లాడికో వచ్చే ఏడాది ఫీజు మొత్తం మాఫీ. పారేసేది ఏదీ లేకుండా బతకడం పిల్లలకి నేర్పాలని హెడ్ మేడం ఆశయం. ఆ బడిలో అలా బతికే ఇల్లు ఒక్కటే ఉంది. తక్కిన ఇళ్ళలో పారేసేవి బోలెడు, కాకపోతే అవి పొద్దున్నే చెత్తబండి ఎక్కి వెళ్ళిపోతాయి. పైగా పిల్లలకి ట్యూషన్లు, తల్లులకి తీరిక లేదు. అందుకని మూడో అంతస్తు ఆవిడ మెట్లు దిగి వచ్చింది. ఆవిడ తోటి తల్లుల చెవిలో వేస్తే ఇంకో పదిమంది వచ్చారు. ఒక్కోదానికి మూడు వందలు. సగం ముందు, సగం ప్రదర్శన అయ్యాక.

కన్నకూతురికి పోటీగా పదకొండు మందిని తనే తయారు చేస్తోందని అట్టలావిడకి తెలియక కాదు. ముందొచ్చిన డబ్బుతో రెండో టర్ము బాకీ కట్టేసింది. వచ్చే ఏటికి బహుమతి కావాలి. "రెండు పడవల మీద కాళ్ళు పెడుతున్నావు," అన్నాడు భర్త. మీకు ఒక్క పడవైనా ఉందా అని అడిగింది ఆమె.

అసహ్యంగా చెయ్యడం అనుకున్నంత సులువు కాదు. లైట్‌హౌస్‌కి జిగురు పులిమింది, మెట్లు ఒరగదీసింది, రంగు గీత దాటించింది. మూడో అంతస్తు ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచింది. "ఇది పెద్దవాళ్ళు పాడుచేసినట్టుందమ్మా. పిల్లలు చేసినట్టు లేదు."

ఆవిడ అన్నది నిజం. అట్టలావిడ ఆ సాయంత్రం చీమకి కత్తెరిచ్చి, ఎదురుగా కూర్చుని చూసింది. చీమది ఎడమచేతి వాటం. మామూలు కత్తెర కుడిచేతి వాళ్ళ కోసం చేసింది. ఎడమ చేత్తో పట్టుకుంటే దాని రెండు రెక్కలూ ఎడమవుతాయి, కాగితం తెగేముందు కాస్త మడత పడుతుంది. వంపు వచ్చిన చోటల్లా ఎలక కొరికినట్టు చిన్న నొక్కు మిగులుతుంది. ఆ నొక్కే పసితనం. తల్లి కత్తెరని ఎడమచేతికి మార్చుకుంది. మూడు రోజులకి బొటనవేలు బొబ్బలెక్కింది, నొక్కు వచ్చింది. పదకొండు వస్తువులూ ఆ చేత్తోనే కోసింది.

కొత్త లైట్‌హౌస్ చూసి మూడో అంతస్తు ఆవిడ మొహం విప్పారింది. అచ్చం మావాడి పనే అంది. ఆ మావాడు పక్కనే ఉండి, నేను ఇంతకంటే బాగా చేస్తానన్నాడు. నోరు మూసుకోమన్నారు.

ఆ ఎడమచేతి వాటం గురించి ఒక మాట చెప్పాలి. ఒకటో క్లాసులో టీచరమ్మ చీమ వేళ్ళ మీద స్కేలుతో కొట్టి పెన్సిలుని కుడిచేతిలోకి మార్పించింది. అప్పటినుంచి బడి గేటు దాటగానే చీమ చెయ్యి మారేది. ఇంటికొచ్చాక మళ్ళీ ఎడమే. "ఇంటికో చెయ్యి, బడికో చెయ్యి. బట్టల్లా ఉతికే పని లేదు, రెండూ శుభ్రంగా ఉంటాయి," అని తండ్రి నవ్వేవాడు. ఆ మాట ఇంట్లో హాస్యంగానే ఉండిపోయింది.

చీమ తన వంతు తనే చేసుకుంది. పాత చెప్పుల పెట్టెని పక్కకి పడుకోబెట్టి, అందులో వాళ్ళ గది చేసింది. మంచం, బకెట్టు, మేకుకి వేలాడే సబ్బుల మేజోడు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న నాన్న. కింద కత్తెర పట్టుకున్న అమ్మ. అమ్మ పక్కన గోరంత లైట్‌హౌస్. అట్టలావిడ అందులో వేలు పెట్టలేదు. మంచం కోడు ఒకటి పొట్టిదై ఊగుతుంటే సరిచెయ్యాలని ప్రాణం లాగింది, అయినా పెట్టలేదు. ఇది మాత్రం నిజంగా పిల్ల చేసిందై ఉండాలి.

తండ్రి వంగి చూశాడు. "నన్నెందుకే పడుకోబెట్టావు?"

"నువ్వు పడుకునే ఉంటావుగా నాన్నా."

ఆయన నవ్వాడు. తరవాత సంచి తీసుకుని బయటికి వెళ్ళాడు. ఆ రోజు ప్రెస్సు లేదు.

ప్రదర్శన రోజున హాల్లో బల్లలు వరసగా వేశారు. చీమ పెట్టె పక్కనే లైట్‌హౌస్‌కి చోటిచ్చారు. మూడో అంతస్తు ఆవిడ తన కొడుకు వస్తువుని సర్దుతూ పెట్టెలోకి తొంగిచూసింది. ఇదేమిటమ్మా అని అడిగింది.

"మీ లైట్‌హౌసే ఆంటీ. మా అమ్మ చేస్తోంది, చూడండి," అంది చీమ, గర్వంగా.

ఆవిడ నవ్వి, పిల్ల బుగ్గ తట్టి, తిన్నగా హెడ్ మేడం గదికి వెళ్ళింది. కాసేపటికి తల్లినీ కూతుర్నీ పిలిచారు. గుమ్మం దగ్గర నలుగురైదుగురు తల్లులు చేరారు. క్లాసు టీచరమ్మ కూడా వచ్చింది.

హెడ్ మేడం చెడ్డమనిషి కాదు, నియమాల మనిషి. మీరు ఇలాంటివి చేసి అమ్ముతారట, ఆ పెట్టె కూడా మీరే చేశారని ఫిర్యాదు వచ్చింది అంది. కాదంది అట్టలావిడ. మాటలతో తేలేది కాదు కాబట్టి, పిల్ల చేతికి కత్తెరిచ్చి మనందరి ముందూ ఒక గుండ్రం కొయ్యమంటే సరిపోతుందని హెడ్ మేడం అంది. అట్టలావిడ ప్రాణం కుదుటపడింది. ఆ ఊరంతటిలో నిజమైన నొక్కు ఎవరిదో ఇప్పుడు అందరూ చూస్తారు.

చీమ కత్తెర అందుకుంది. కుడిచేత్తో.

అది బడి. ఎదురుగా టీచరమ్మ ఉంది. నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, మెల్లగా కోసింది. కుడిచేతి కత్తెర కుడిచేతిలో ఒదిగింది. నొక్కు లేని గుండ్రం బల్ల మీద పడింది. మెచ్చుకుంటారేమోనని చీమ తలెత్తి చూసింది.

హెడ్ మేడం ఆ గుండ్రాన్ని పెట్టె పక్కన పెట్టింది. "ఈ పాప ఇంత నున్నగా కోస్తుంది. పెట్టెలో ఒక్క అంచూ ఇలా లేదు."

"ఎడమ చేత్తో కొయ్యవే," అంది తల్లి. "ఎడమ చేత్తో, అమ్మా. ఇంట్లోలాగా."

"ఇక్కడ కూడా చెయ్యి మీరే పెడతారా?" అంది హెడ్ మేడం.

"ఆ అలవాటు ఒకటో క్లాసులోనే మాన్పించేశాను మేడం," అంది టీచరమ్మ, చేసిన మంచిపని చెప్పుకుంటున్నట్టు. "ఇప్పుడంతా కుడిచెయ్యే."

ఆ గొంతు వినగానే చీమ ఎడమ చెయ్యి వీపు వెనక్కి పోయింది. ఎవరూ దాచుకోమనలేదు.

అప్పుడు అట్టలావిడ చెప్పకూడని మాట చెప్పింది. "మిగతా పదకొండూ నేనే చేశానండీ. ఇదొక్కటే నేను చెయ్యలేదు."

గుమ్మం దగ్గర మూడో అంతస్తు ఆవిడ కొడుకు నోరు తెరిచాడు. వాడి భుజం మీద తల్లి చెయ్యి పడింది. హెడ్ మేడం గుమ్మంవైపు చూసింది. పదకొండు ఇళ్ళు, పదకొండు ఫీజులు, వేళకి కట్టేవి.

"ఏ పదకొండు?" అంది.

జవాబు కోసం అడిగిన ప్రశ్న కాదు. చీమ పెట్టెని బల్ల మీంచి తీసి తల్లి చేతికిచ్చారు. మొదటి బహుమతి లైట్‌హౌస్‌కి వచ్చింది. పసిచేతి సహజత్వం ఉట్టిపడుతోందని సర్టిఫికెట్టులో రాశారు.

ఇంటికి నడిచి వెళ్తుండగా చీమ ఒకే ఒక్కమాట అడిగింది. "ఏ చేత్తో కొయ్యాలమ్మా?"

అట్టలావిడ ఏం చెప్పినా ఒక చేతికి అబద్ధమవుతుంది. ఆ తరవాత చీమ ఇంట్లో కత్తెర ముట్టుకోలేదు.

ఏడాది చివర బడివాళ్ళు టీసీ చేతిలో పెట్టారు. చీమ ఇప్పుడు నాలుగు వీధుల అవతల, ఫీజు లేని బడికి వెళ్తోంది. ఒక్క గదిలో మూడు క్లాసులు. చదువుకునే పిల్ల ఎక్కడైనా చదువుకుంటుందని ఓదార్చడానికి చాలామంది వచ్చారు. వాళ్ళ పిల్లలెవరూ ఆ గదిలో లేరు. పాత బడి మరుసటేడు ప్రదర్శనకి పద్ధతి మార్చింది. కావలసిన పనికిరాని వస్తువులన్నీ డబ్బాలో పెట్టి ఆఫీసులోనే అమ్ముతున్నారు. అట్టలావిడ దగ్గరికి ఇక ఎవరూ రావలసిన పని లేదు. భర్తకి ప్రెస్సులో మూడు రోజులు రెండయ్యాయి.

ఒకరోజు సబ్బుముక్కలు ఆరబెట్టడానికి ఏదైనా డబ్బా ఉందేమోనని వెతికితే చెప్పుల పెట్టె కనిపించింది. ఖాళీగా ఉంది. లోపల జిగురు మరకలు కూడా తుడిచేసి ఉన్నాయి. మంచం, బకెట్టు, నాన్న, అమ్మ, అన్నీ విడివిడిగా సాపు చేసి, అట్టముక్కల సంచిలో వేసి ఉన్నాయి. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల. దేన్నీ పారెయ్యలేదు.

పదకొండు మందిలో నలుగురు మిగతా సగం ఇచ్చారు. అందరి ముందూ పరువు తీసిన మనిషికి డబ్బులు కూడానా అన్నారు తక్కినవాళ్ళు. లైట్‌హౌస్ మూడో అంతస్తులో టీవీ పక్కన ఉంది. దాని మీద నూట యాభై ఇంకా రావాలి.